పై అరలో పాత రోల్

ఆలమందలందు నాడెడి గోపాల!
తల్లి దుఃఖ మెరుగు చల్లనయ్య!
దాచినట్టి మాట దయతోడ వెలయించి
కలము చేత బట్టి నిలువుమయ్య!

ఉదయం ఐదు గంటల ఇరవై నిమిషాలు.

పాల ఫ్యాక్టరీలో లేబుళ్లు అచ్చువేసే ఆవిడ తన గది తలుపు తీసింది. అలమరా వైపు చూసింది. గుండెలు బాదుకుంటూ బయటికి పరుగెత్తింది.

మూడువేల లేబుళ్ల రోల్ మాయమైంది.

అది మామూలు ఉదయం కాదు. క్లోన్ చేసిన పశువుల పాలైతే ఆ సంగతి ప్యాకెట్ మీద అచ్చువేసి తీరాలన్న చట్టం అమలులోకి వచ్చిన తొలి ఉదయం. లేబుల్ లేనిదే వ్యాను గేటు దాటరాదు. మళ్లీ అచ్చువేద్దామంటే లేబుల్ కాగితం నిండుకుంది.

ఆరూ నలభైకి ఆహార భద్రతా శాఖ ఇన్‌స్పెక్టర్ జీపు దిగింది. ఇరవై ఏళ్లుగా కల్తీదారుల కళ్లలోకి చూసి చూసి ఆమె చూపు పదునెక్కింది. మాట మాత్రం మెత్తన.

లేబుల్ అక్కను ముందు పిలిచింది. ఫ్యాక్టరీ అంతా ఆవిడను పిలిచే పేరు అదే.

“రోల్ ఎక్కడ పెట్టారు?”

“పై అరలో మేడమ్. రాత్రి పదింటికి.”

“తాళం?”

“వేశాను.”

“తాళంచెవి?”

“మేకుకి తగిలించాను.”

“ఏ మేకుకి?”

“అందరికీ తెలిసిన మేకుకే.”

ఇన్‌స్పెక్టర్ నిట్టూర్చింది. మేనేజర్ చేతులు నలుపుకుంటూ ముందుకొచ్చాడు.

“ఈ ఒక్కరోజుకీ వ్యాన్లు వదిలేద్దాం మేడమ్. పాలు విరిగిపోతాయి.”

“పాలకేం కాలేదు. లేబుల్ అన్నప్పట్నుంచీ సారు ముఖమే విరిగిపోయింది” అంది లేబుల్ అక్క.

పశువుల డాక్టర్ ఊరుకోలేదు. ఫ్యాక్టరీ కొట్టంలో ఉన్న నాలుగు క్లోన్ ఆవులూ ఆయన చేతిమీదుగా పుట్టినవే.

“పాలు పాలేనండీ. కొవ్వు, ప్రొటీను, అన్నీ పరీక్షించాను. వెంట్రుకవాసి తేడా లేదు. లేబుల్ వేస్తే జనం పురుగుమందు సీసాను చూసినట్టు చూస్తారు.”

“తేడా లేదని మీరు చెప్పండి డాక్టర్ గారూ. తాగాలో వద్దో వాళ్లు చెప్తారు” అంది ఇన్‌స్పెక్టర్.

ఆమె గేటు రిజిస్టర్ తెప్పించింది. రాత్రి పది తరువాత, లేబుల్ అక్క తెల్లవారి వచ్చేలోగా, లోపలికి వచ్చినవారు ముగ్గురే. నాలుగూ ఐదుకు పశువుల కొట్టం చూసే పెద్దయ్య. నాలుగున్నరకు డాక్టర్. పది తక్కువ ఐదుకు మేనేజర్.

పెద్దయ్య తవుడు బకెట్ చేతిలో పట్టుకునే వచ్చాడు. అరవై దాటిన మనిషి. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“ఏమైనా చూశారా పెద్దయ్యా?”

“గొడ్లని చూశానమ్మా. అంతే.” బకెట్ చేయి మార్చుకున్నాడు. “అలమరాలో ఇంకో రోల్ ఉందిగా. అది అతికించకూడదా అమ్మా?”

ఇన్‌స్పెక్టర్ అలమరా దగ్గరకు నడిచింది. పై అరలో, పోయిన రోల్ ఉండవలసిన చోట, మరొక రోల్ ఉన్నది.

“ఇదేమిటి?”

“మొదట అచ్చువేసింది మేడమ్” అంది లేబుల్ అక్క. “వివరాలు చాలవని మీ ఆఫీసువాళ్లే తిప్పికొట్టారు. కింది అరలో పడేశాను.”

“కింది అరలోనా?”

“అవును... కొత్తది లేదన్న కంగారులో గమనించనేలేదు. పైకెలా వచ్చింది?”

“పనికిరాని రోల్ గోల ఇప్పుడెందుకండీ?” అన్నాడు మేనేజర్ విసుగ్గా.

ఇన్‌స్పెక్టర్ ఫైల్లోంచి కొత్త లేబుల్ నమూనా తీసి, పాత లేబుల్ పక్కన పెట్టి, రెండింటినీ అక్షరం అక్షరం చదివింది. ఆమె ముఖం మెల్లగా వాడింది. డాక్టర్‌ను పక్కకు పిలిచి మూడు ప్రశ్నలడిగింది. లేబుల్ అక్కను రెండడిగింది.

ఎనిమిదీ ఐదుకు అందరినీ ఆ గదిలోనే కూర్చోబెట్టింది.

“దొంగకు లేబుల్ గిట్టదనుకున్నాం మనమంతా. అక్కడే పొరబడ్డాం. మేనేజర్ గారికి లేబులే వద్దు. డాక్టర్ గారికీ వద్దు. వాళ్లయితే రెండు రోళ్లూ తీసుకుపోయేవారు. ఈ దొంగ ఒకటి తీసి, రెండోది కింది అరలోంచి తెచ్చి కంటికెదురుగా పెట్టాడు. అంటే లేబుల్ పడాలనే కోరాడు. పాతది పడాలని కోరాడు.”

“రెండింటికీ తేడా ఏముంది?” అన్నాడు మేనేజర్.

“క్లోన్ అన్న మాట రెండింటిమీదా ఉంది. కొత్తదానిమీద ఒక వరుస ఎక్కువ. మూల పశువు, అంటే ఈ నాలుగింటికీ అసలు ఆవు, నెంబరు నలభై ఒకటి. పుట్టిన తేదీ. చనిపోయిన తేదీ.”

తవుడు బకెట్ నేలకు తగిలి చప్పుడైంది.

“ఆ ఆవును సీసాపాలు పట్టి పెంచిన మనిషి ఒకావిడ ఉంది. ఇక్కడే పాలు పితికేది. నడుము పడిపోయి మూడేళ్లుగా మంచం మీదే ఉంది. ఉద్యోగుల వాటా ప్యాకెట్ రోజూ ఆవిడ చేతికే అందుతుంది, భర్త డ్యూటీలో ఉండగా. విప్పేముందు దానిమీద ఉన్నదంతా చదువుతుంది. ఆవు పోయి రెండేళ్లయింది. ఆ సంగతి ఆవిడకి తెలియదు. అవునా పెద్దయ్యా?”

పెద్దయ్య ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

“గడ్డివాములో ఉందమ్మా రోల్. ఒక్క లేబులూ చింపలేదు. మా ఆవిడ ఇంకో పది రోజులు బతకడం కూడా కష్టమే అన్నాడు ఆసుపత్రి డాక్టరు. ఆ పది రోజులూ పాతది పడితే చాలనుకున్నా. ఆ ఆవుకి మా ఆవిడ పెట్టుకున్న పేరు ముద్దరాలు. ‘ముద్దరాలు మేసిందా?’ అంటుంది రోజూ. మేసిందే అంటాను. నీ ముద్దరాలికి నలుగురు కవలలు కూడా వచ్చారే అంటాను. నవ్వుతుంది. ఆ నవ్వు కోసమమ్మా!”

మేనేజర్ సైతం తల వంచుకున్నాడు.

“పాతది అతికించనివ్వండమ్మా. ఆ పది రోజులే.”

ఔననడం ఎంత తేలికో ఇన్‌స్పెక్టర్‌కు తెలుసు.

“నేను కేసు రాయాలి పెద్దయ్యా. లేబుల్ మీద తేదీ ఉండాలి. కానీ ఆవిడ ఆ మాట కాగితంలో చదవకూడదు. మీ నోటినుంచి వినాలి. వ్యానుకంటే ముందే వెళదాం పదండి.”

తొమ్మిదీ పదికి క్వార్టర్సులో ఆఖరి గది. కిటికీ పక్కన మంచం. మంచం మీద పక్షిలా ఒక ప్రాణం.

“ఏమయ్యా, డ్యూటీ వదిలి వచ్చావేం? ఈ అమ్మాయెవరు?”

పెద్దయ్య మంచం అంచున కూర్చున్నాడు. మూడుసార్లు నోరు తెరిచాడు. నాలుగోసారి మాట వచ్చింది.

“ముద్దరాలు లేదే.”

ఆవిడ అతని వంక చూసింది.

“ఎప్పుడు?”

అతను ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. ఇన్‌స్పెక్టర్ తేదీ చెప్పింది. ఆవిడ పెదవులు కదిలిస్తూ లెక్కపెట్టుకుంది.

“రెండేళ్లు. ఆ రోజు కూడా ఇంటికొచ్చి నవ్వావా?”

“నవ్వానే.”

“దాని తల ఎవరి ఒళ్లో ఉంది?”

“నా ఒళ్లోనే.”

“రోజూ నీ చేత రొట్టెముక్క పంపాను కదయ్యా. ఎవరికి పెట్టావు?”

“కవలల్లో పెద్దదానికి. అచ్చం అదేనే. అదే నడక, అదే కొమ్ము.”

“అచ్చం అదే అయితే మాత్రం?” అంది ఆవిడ. “నేను పాలు పట్టింది దానికి కాదే! పాలు మంచివే అయ్యుంటాయి. చెప్పినా తాగేదాన్నేమో. కానీ నా బిడ్డ పోయిందని నాకు చెప్పాలిగా? రెండేళ్లు నన్ను ఏడవనివ్వలేదు నువ్వు.”

“నువ్వు తట్టుకోలేవని...”

“తట్టుకోలేకపోతే తట్టుకోలేకపోయేదాన్ని. అది నా ఏడుపయ్యా. నీదగ్గర ఎందుకు దాచుకున్నావు?”

పెద్దయ్య ఆవిడ పాదాలమీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. రెండేళ్లు ఒంటరిగా మోసిన దుఃఖం అది. ఆవిడ చేతిని అతని తలమీద పెట్టింది.

“ఆ పెద్దది... రొట్టె తిందా?”

“రోజూ తింది. నా చెయ్యి నాకేది.”

“పాపం, దాని తప్పేముంది! దానికో పేరు పెట్టు. దానిది దానికి. ముద్దరాలు అని మాత్రం పిలవకు.” ఆవిడ కిటికీ వైపు తిరిగింది. “ఇక వెళ్లండి ఇద్దరూ. ఈ పూట దానికోసం ఏడుస్తాను.”

ఇన్‌స్పెక్టర్ బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. లోపలినుంచి సన్నని ఏడుపు మొదలైంది. పెద్దయ్య గడపమీదే కూలబడ్డాడు. ఆమె రిపోర్టు తెరిచింది. నేరానికి కారణం అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. చాలాసేపటికి “ప్రేమతో దాచిన మరణవార్త” అని రాసి, సమయం తొమ్మిదీ నలభై వేసి, పెద్దయ్య పక్కనే గడపమీద కూర్చున్నది.

ఈ కథ చదివినవారికీ, విన్నవారికీ, వినిపించినవారికీ దాపరికం లేని ఇల్లూ, దుఃఖవేళ చేయి పట్టుకునే మనిషీ ఆ స్వామి కలిగించుగాక! స్వస్తి.