మూడు బుట్టలు మీవి, మూడు నావి

“ఆ బకెట్ కింద పెట్టండి.”

తొందర వెనక్కి తిరిగాడు. అతనికి అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. ఏ పనైనా చెప్పేలోపే మొదలుపెట్టేస్తాడని జెట్టీ మీద అందరూ అలా పిలుస్తారు. ఎదురుగా ఓ అమ్మాయి. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, ముక్కు చివర కోపం.

“పెట్టకపోతే?”

“నా పిల్లలు చచ్చిపోతారు.”

అతను ఆమె వెనక చూశాడు, పక్కన చూశాడు. పిల్లలెవరూ లేరు.

“అక్కడ కాదు, నీళ్లలో. పోయిన వారం మా హేచరీ నుంచి ఆరు బుట్టలు పంపించాం కదా, గోరంత పిల్ల ఆల్చిప్పలు. నేను పెంచినవే.”

“అవా! బాగానే ఉన్నాయి. మధ్యలో ఈ బకెట్ ఏం చేసింది? ఆల్చిప్పలు పెంచే తాళ్లు గీకి చెత్త పారబోస్తున్నాను. మా నాన్న ముప్ఫై ఏళ్లుగా చేస్తున్నదే.”

ఆమె బకెట్లో చెయ్యి పెట్టి, పసుపుపచ్చ గింజల్లాంటివి కొన్ని తీసి అతని ముక్కు కిందికి తెచ్చింది.

“ఇవేంటో తెలుసా?”

“నాచు.”

“తొలిచే నత్త గుడ్లు. అవి పిల్లలై, ఆల్చిప్పకి సూదిబెజ్జం పెట్టి లోపలంతా తినేస్తాయి. మీ నాన్నగారి రోజుల్లో చలికాలం నీళ్లకి చాలావరకు చచ్చేవి. ఇప్పుడు సముద్రం వెచ్చబడింది. మీరేమో తాళ్లకున్న వాటిని గీకి మరీ నా బుట్టల మీద విత్తనాలు చల్లినట్టు చల్లుతున్నారు.”

తొందర బకెట్ కింద పెట్టాడు. వారం రోజులుగా రోజుకి నాలుగు బకెట్లు. మనసులో లెక్క వేసుకుని బకెట్‌ని నీళ్లకి దూరంగా జరిపాడు.

షెడ్డులో ఆల్చిప్పలు ఏరుతున్న అతని అత్తయ్య తల పైకెత్తింది. “అమ్మాయ్, మావాడి నోరు మూయించిన మొదటి మనిషివి నువ్వే. రా, టీ తాగి వెళ్దువుగాని.”

టీ తాగుతూ హేచరీ అమ్మాయి అసలు సంగతి చెప్పింది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు కలిసి సముద్రపు నీళ్లు ఏటికేడు పులుపెక్కుతున్నాయి. ఆ పులుపుకి పిల్ల ఆల్చిప్పల గుల్ల గట్టిపడటం లేదు. రెండేళ్లు హేచరీలో వేసిన ప్రతి బ్యాచూ కరిగిపోయింది. బయట రాళ్ల మీద ఒక్క పాత గుంపు మాత్రం తట్టుకుని బతుకుతోంది. ఆరు బుట్టల్లో ఉన్న ఈ పన్నెండు వందలూ దాని సంతానం.

“నెలాఖరుకి సగమైనా మిగలాలి. లేకపోతే ప్రాజెక్ట్ మూసేస్తారు, నన్ను వేరే ఊరికి వేస్తారు.”

“ఎంత దూరం?”

“మీకెందుకు?”

“అక్కడ కూడా బకెట్లు పారబోసేవాడు ఒకడు ఉండాలి కదా.”

ఆమె నవ్వు ఆపుకోవడానికి టీ గ్లాసు అడ్డం పెట్టుకుంది. అత్తయ్య చూసింది. చూడనట్టు ఇంకో ఆల్చిప్ప తీసుకుంది.

మర్నాడు పొద్దున్నే, నీరు తగ్గిన వేళ ఆరు బుట్టలూ పైకి లాగి ఎండలో పరిచారు. నీళ్లలోంచి తీస్తే ఆల్చిప్ప నోరు బిగించుకుని ఓర్చుకుంటుంది, నత్త గుడ్లు ఎండిపోతాయి. అయితే ఎండ ఎక్కువైతే పిల్ల ఆల్చిప్పలు కూడా పోతాయి.

“రెండు గంటలు,” అంది ఆమె నోట్‌బుక్ చూసి. రెండు గంటలు కాగానే లేచింది. “దించేద్దాం.”

తొందర ఓ గుడ్డు నలిపాడు. వేలికి తడి తగిలింది. “ఇంకా ఎండలేదండీ.”

“చిన్నవి తట్టుకోవు. నేను చదువుకున్నాను.”

“నేను విన్నాను.” అతను గుప్పెడు ఆల్చిప్పలు చేతిలో వేసుకుని చెవి దగ్గర ఆడించాడు. “చూడండి, గులకరాళ్లలా బరువుగా మోగుతున్నాయి. నోరు తెరిస్తే పెంకు ముక్కల్లా మోగుతాయి. అప్పుడు దించుదాం.”

“పన్నెండు వందల ప్రాణాలు మీ చెవి మీద వదిలేయాలా?”

“వారం రోజులు నా బకెట్ కింద వదిలేశారు కదా.”

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆమె ముఖం మాడిపోయింది. “సరే. మూడు బుట్టలు మీవి, మూడు నావి,” అని తన మూడూ దింపేసుకుని వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

ఏ పనికీ ఆగని తొందర ఆ రోజు ఆగాడు. పది నిమిషాలకోసారి గుప్పెడు తీసి విన్నాడు. మూడో గంట దాటాక చప్పుడు కాస్త తేలికైంది. మరుక్షణం బుట్టలు నీళ్లలో ఉన్నాయి.

తర్వాత రెండు వారాలు ఆమె రాలేదు. సామాన్లు సర్దుకుంటోందని అత్తయ్య కబురు తెచ్చింది. తొందరకి అన్నం సయించలేదు. గీకిన చెత్తంతా ఒడ్డున గొయ్యి తీసి పూడ్చిపెట్టడం ఒక్కటే శ్రద్ధగా చేశాడు.

నెలాఖరున ఆమె వచ్చేసరికి వాన మొదలైంది. షెడ్డు రేకుల మీద చినుకులు టపటపలాడుతుంటే ఇద్దరూ బల్లకి చెరోవైపు కూర్చున్నారు. ముందు ఆమె బుట్టలు. మొదటిది తెరవగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. గుల్ల తర్వాత గుల్ల, ప్రతిదానికీ గుండ్రంగా సూదిబెజ్జం. మూడు బుట్టల్లో కలిపి నూట ముప్ఫై ఒకటి బతికాయి.

“నాదే తప్పు,” అంది మెల్లగా.

“గుడ్లు పోసింది నేను.” తొందర తన బుట్ట ముందుకు జరిపాడు. “ఇంకా మూడున్నాయి. లెక్కపెట్టండి.”

నూట డెబ్భై. నూట యాభై ఎనిమిది. మూడో బుట్ట సగంలో ఇద్దరి గొంతూ కలిసి లెక్కపెట్టడం మొదలైంది. నూట నలభై ఒకటి దాటగానే ఆమె తల ఎత్తి అతని వైపు చూసింది. మొత్తం ఆరు వందలు దాటేశాయి. అయినా ఇద్దరూ ఆపలేదు. నూట అరవై రెండు దగ్గర బుట్ట ఖాళీ అయింది.

“ఆరు వందల ఇరవై ఒకటి,” అంది. కళ్లలో నీళ్లు, పెదాల మీద నవ్వు. వెంటనే సంచిలోంచి ఓ ఫారం తీసింది. “వీటిని బయట రాళ్ల మీదికి చేర్చి మూడేళ్లు కాపలా కాయాలి. రెండు సంతకాలు కావాలి. ఒకటి నాది. మూడేళ్లు నాతో పడవలో తిరగాలి, ఆలోచించి పెట్టండి.”

ఆమె మాట పూర్తయ్యేలోపు సంతకం అయిపోయింది.

“మూడేళ్ల తర్వాత?” అన్నాడు.

“వీటికి పిల్లలు పుడతారు.”

“నేను వీటి సంగతి అడగలేదు. మీరు వెళ్తున్నారని విన్న రోజు నుంచీ నాకు నిద్ర లేదు. మీరు వెళ్లకూడదు. మూడేళ్ల తర్వాత కూడా.”

ఆమె పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది.

“ఆ సంగతి మా అమ్మతో మాట్లాడాలి.”

“నంబరివ్వండి.”

“మీ అత్తయ్య నిన్ననే తీసుకున్నారు. రాత్రి గంటసేపు మాట్లాడుకున్నారట.”

“నిన్ననా? ఇంకా లెక్క తేలలేదు కదా!”

“మీ అత్తయ్యకి టీ తాగిన రోజే తేలిపోయిందట.”

తొందర వెనక్కి తిరిగి చూశాడు. షెడ్డు మూల అత్తయ్య, కడిగేసిన ఆల్చిప్పలనే తీసి మళ్లీ మహా శ్రద్ధగా కడుగుతోంది.