వేరు చూడని వైద్యం

"దీనికి బూజు పట్టింది. మందివ్వండి," అంటూ ఆమె కుండీని కౌంటర్ మీద పెట్టింది.

మొక్కల షాపతను కుండీని చూశాడు, తరువాత ఆమెను చూశాడు. తొమ్మిదేళ్ళుగా షాపులో కూర్చుంటున్నాడు. వచ్చిన మనిషి కొనే రకమో, అడిగి పోయే రకమో గుమ్మం దాటేలోపే తేల్చేస్తాడు. ఈమె రెండూ కాదు. పోట్లాడే రకం.

"బూజు కాదండీ, పిండినల్లి. పురుగు. ఒంటికి పిండి రాసుకుని, ముళ్ళ సందుల్లో కూర్చుని రసం పీల్చేస్తుంది."

"సరే, పురుగే. మందివ్వండి."

"ఇంత చిన్న కాక్టస్‌కి వైద్యం గిట్టుబాటు కాదు. ఇదే సైజుది కొత్తది ఊరికే ఇస్తాను, పట్టుకెళ్ళండి. దీన్ని పారేయండి."

"మీ ఇంట్లో ఎవరికైనా జలుబు చేస్తే కొత్తవాళ్ళని తెచ్చుకుంటారా?"

వెనకాల మట్టి జల్లిస్తున్న పెద్దమ్మ కిసుక్కున నవ్వింది. షాపు పెట్టింది ఆవిడే, అతన్ని పెంచిందీ ఆవిడే. "వీడి విషయంలో నేను ప్రయత్నించానమ్మా. మార్చిచ్చేవాళ్ళు దొరకలేదు."

ఆమె నవ్వలేదు. "ఇది మా తమ్ముడిది," అంది. కాస్సేపాగి, "వాడు లేడు," అంది.

అతను కుండీని తన వైపు జరుపుకున్నాడు.

తమ్ముడు డెలివరీ వ్యాన్ నడిపేవాడు. ఈ కాక్టస్ స్టీరింగ్ పక్కన టేపుతో అతికించి ఊరంతా తిప్పేవాడు. ఒకరోజు వ్యాన్ ఇంటి దగ్గర పెట్టి నడిచి వెళ్ళాడు. రోడ్డు దాటుతుంటే ఏదో కారు గుద్దింది, ఆగకుండా పోయింది. అందుకే కాక్టస్ మిగిలింది.

"ఏడాదిన్నర అయింది. అమ్మ నేను తినమంటే తింటుంది, పడుకోమంటే పడుకుంటుంది. తనంతట తను చేసే పని ఒక్కటే. పొద్దున్నే లేచి ఈ కుండీని కొంచెం ఎండవైపు తిప్పుతుంది. ఇది పోతే..." ఆమె ఆపేసింది. "పోకూడదు. అంతే."

పెద్దమ్మ అతనికి మొదటిరోజే నేర్పిన పద్ధతి ఒకటుంది. జబ్బు మొక్క వస్తే ముందు కుండీలోంచి తీసి వేళ్ళు చూడాలి. పురుగు పైనుంటే సగం రోగం, కిందుంటే మొత్తం రోగం.

అతని చెయ్యి కుండీ అంచు మీదకు వెళ్ళింది, ఆగింది. మనసులో తూకం వేశాడు. కుండీ దులిపి, వేళ్ళు కడిగి, ఆరబెట్టి, కొత్త మట్టిలో నాటితే ఆమె మళ్ళీ ఒకే ఒక్కసారి వస్తుంది, మొక్క తీసుకెళ్ళడానికి. పైపైన తుడుస్తూ పోతే గుడ్లు పగిలినప్పుడల్లా, అంటే వారం వారం, రావాలి.

"వేళ్ళు బాగానే ఉండుంటాయి," అన్నాడు. "స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో ఒక్కో పురుగునీ తుడవాలి. ప్రతి శనివారం తీసుకురండి."

ఆమె పక్కవీధి కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. రెండో శనివారం అక్కడి భూతద్దం ఒకటి కంటికి తగిలించుకుని వచ్చింది.

"అదుగో, ఆ ముల్లు వెనకాల ఒకటుంది. మీకు కనబడదా?"

"కనబడుతోంది."

"అటు కాదు, ఇటు. మొక్కని చూడండి, నన్ను కాదు."

"మీ కన్ను ఆ అద్దంలో వంకాయంత ఉందండీ. ఎలా చూడకుండా ఉండను?"

"దూరం చూపు బాగానే ఉంది, దగ్గరి చూపే తేడా. మా షాపుకి రండి, అద్దాలు రాసిస్తాం."

మొదటివారం నలభై పురుగులు. తరువాత ఇరవై ఆరు. మూడోవారం పదకొండు. ఆమె మొహం వారం వారం తేటపడుతోంది. అతనికి మాత్రం అంకె తగ్గేకొద్దీ గుండెలో రాయి పడుతోంది. నాలుగోవారం మూడే దొరికాయి. ఆరోజు కుండీ తనే మోసుకుంటూ ఆమె వెంట ఇంటిదాకా వెళ్ళాడు. దారి పది నిమిషాలే. ఇద్దరూ అరగంట నడిచారు.

"మీకేం కావాలండీ జీవితంలో?" అని అడిగింది ఆమె, ఉన్నట్టుండి.

"ఏమో. మీకు?"

"అమ్మ ఒకసారి ఏడవాలి. ఇంతవరకూ ఏడవలేదు తెలుసా? ఒక్క చుక్క కూడా."

తిరిగి వచ్చాక పెద్దమ్మ అడిగింది. "ఒరేయ్, ఆ శనివారం పిల్ల మొక్క పాలిపోతోంది. వేళ్ళు చూశావా?"

"చూశాను," అన్నాడు.

ఐదోవారం ఒక్క పురుగూ లేదు. "అయిపోయినట్టేనా?" అంది ఆమె. ఆ గొంతులో సంతోషంతో పాటు ఇంకేదో ఉంది. అతను దాన్ని కూడా తన వైపు లాభంలోనే వేసుకున్నాడు.

"ఇంకొక్కవారం చూద్దాం," అన్నాడు.

ఆరో శనివారం కుండపోత వాన. గొడుగు కుండీకి పట్టి, తను తడిసి ముద్దయి వచ్చింది. జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి. మామూలు రోజైతే అతను ఆ చుక్కల్ని లెక్కపెట్టేవాడు. ఆమె మొహం చూసి లేచి నిలబడ్డాడు.

కాక్టస్ ఒక పక్కకి వాలిపోయి ఉంది. అతను వేలితో తాకగానే మొదలు దగ్గర ఊడి కౌంటర్ మీద పడింది. అడుగు బోలుగా, గోధుమరంగులో ఉంది.

కుండీ బోర్లించాడు. మొదటిరోజే చెయ్యాల్సిన పని. మట్టి గడ్డగా ఊడిపడింది. కుండీ లోపలి గోడ పొడవునా, చచ్చిన వేళ్ళ చుట్టూ, తెల్లగా పిండి. పురుగులన్నీ కిందే ఉన్నాయి.

అతను కత్తి తీసి, కాక్టస్‌ని కింద నుంచి పైకి చక్రాలుగా కోశాడు. ఎక్కడో ఒకచోట పచ్చగా దొరికితే ఆ ముక్కని మళ్ళీ నాటొచ్చు. మొదటి చక్రంలో మధ్యన గోధుమ మచ్చ. రెండోదాంట్లో అదే. చివరి కొన దాకా కోశాడు. మచ్చ లేని ముక్క లేదు.

ఆమె ఒక చక్రాన్ని వేలితో తిప్పి చూసింది. తరువాత, "అమ్మ నీళ్ళు ఎక్కువ పోసిందేమో," అంది. "వద్దంటే వినదు. నిన్న కూడా తడిమి చూసి, దాహమేస్తోందేమో అని పోసింది. దానివల్లే కదా?"

అవునంటే సరిపోతుంది. ఎవరూ అనుమానించని మాట, పైగా ఆమే అందించింది. ఆమె ఏడుస్తుంది, అతను ఓదారుస్తాడు, మరో శనివారం దొరుకుతుంది. అతని వ్యాపారబుద్ధికి ఇంతకన్నా మంచి బేరం ఎప్పుడూ రాలేదు. ఖర్చంతా ఎవరో తల్లి మీద పడుతుంది.

"కాదు," అన్నాడు. "నీళ్ళ వల్ల కాదు. నా వల్ల. మొదటిరోజే వేళ్ళు చూడాలి. కావాలనే చూడలేదు."

"కావాలనే అంటే?"

"చూస్తే వైద్యం రెండుసార్లలో అయిపోతుంది. మీరు మళ్ళీ రారు. వారం వారం రావాలని..."

వెనకాల జల్లెడ చప్పుడు ఆగిపోయింది.

ఆమె ఆ చక్రాల్ని ఒక్కొక్కటిగా ఏరి రుమాల్లో కట్టుకుంది. ముళ్ళు గుచ్చుకుంటున్నా ఆగలేదు.

"అడిగి ఉంటే," అంది, "కుండీ లేకుండా కూడా వచ్చేదాన్ని."

గొడుగు అక్కడే వదిలేసి వానలోకి వెళ్ళిపోయింది.

పెద్దమ్మ తిట్టలేదు. అదే అతను భరించలేకపోయాడు. "రేపు పొద్దున్న వాళ్ళమ్మ లేస్తుందిరా," అంది ఆవిడ. "కిటికీ ఖాళీగా ఉంటుంది. ఆవిడకి ఎవరు చెబుతారు?"

మర్నాడు తెల్లవారగానే అతను వెళ్ళాడు. చేతిలో ఏమీ లేదు. కొత్త మొక్క తీసుకెళదామా అని ఒక్కసారి అనిపించి, సిగ్గేసింది.

ఆమె తలుపు తీసింది, రమ్మనలేదు, పొమ్మనలేదు. లోపల తల్లి కిటికీ దగ్గర నిలబడి ఉంది. గట్టు మీద కుండీ పెట్టిన గుండ్రటి మరక మీద అరచెయ్యి ఆనించి ఉంది.

"అమ్మా, నేను మొక్కల షాపువాణ్ణి."

"కూర్చో బాబూ," అంది ఆవిడ, అలవాటుగా. అతను కుర్చీ అంచున కూర్చున్నాడు. "నేనే చంపేశాను. నీళ్ళు పోసి. చెబుతున్నా అమ్మాయి నమ్మట్లేదు."

"మీరు కాదమ్మా. నేను. చూడాల్సింది చూడలేదు. నా స్వార్థానికి ఆలస్యం చేశాను. మీ చేతి నీళ్ళు దానికేమీ చెయ్యలేదు."

ఆవిడ తిరిగి అతని వైపు చూసింది.

"ఆ మాట చెప్పడానికి వచ్చావా?"

"అవునమ్మా."

"ఆరోజు నేనే పంపాను వాణ్ణి. తలనొప్పి మాత్ర తెమ్మని. నేను పంపబట్టే కదా అనుకుంటూ ఉన్నాను, ఇన్నాళ్ళూ." ఆవిడ మరక మీంచి చెయ్యి తీసింది. "ఆ కారు నడిపినవాడు కూడా ఒక్కసారి ఇలా వచ్చి, నేనమ్మా, నువ్వు కాదు అంటే..."

మాట పూర్తి కాలేదు. ఆవిడ కిటికీ గట్టు పట్టుకుని, అలాగే కిందకి జారి కూర్చుని, ఏడ్చింది. చిన్నపిల్లలా, పెద్దగా, ఊపిరందకుండా. కూతురు పరుగెత్తుకెళ్ళి వాటేసుకుంది.

ఆ ఇంట్లో ఆ క్షణాన తనకి చోటు లేదని అతనికి అర్థమయింది. చప్పుడు కాకుండా లేచి, మెట్లు దిగి, వీధిలోకి వచ్చేశాడు. తడి రోడ్డు కాళ్ళకి చల్లగా తగులుతోంది. ఎందుకో ఆలోచించలేదు. మూల మలుపు దాకా వెళ్ళాడు.

"ఏమండీ!"

ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి, ముక్కు ఎర్రగా ఉంది.

"చెప్పులు ఇక్కడే వదిలేశారు."

వెనక్కి వచ్చాడు. వంగి చెప్పులు అందుకోబోతుంటే ఆమె కాలితో వాటిని గోడ పక్కకి జరిపింది.

"నాకు ఇంకా కోపంగానే ఉంది," అంది. "చాలారోజులు ఉంటుంది."

"ఉండాలి."

"కానీ అమ్మ మిమ్మల్ని కూర్చోమంది," అంది. "లేవమని ఎవరన్నారు?"