వియ్యపురాలి బలం

తలుపు గడియ తీసిన చప్పుడుకు కస్తూరికి మెలకువ వచ్చింది. టైము ఇంకా ఆరు కాలేదు. వియ్యపురాలు రజిని నడకకు బయలుదేరుతోంది. పంజాబీ డ్రెస్సు, కాళ్లకు బూట్లు, జుట్టంతా పైకి లాగి కట్టిన ముడి. రెండంతస్తుల మెట్లు ఎక్కడా ఆగకుండా, గోడ పట్టుకోకుండా టకటకా దిగిపోయింది. నిన్న కూడా అంతే. మొన్న కూడా అంతే. వికారాబాద్‌లో కూతురింటికి వచ్చిన నెల రోజుల నుంచీ కస్తూరి ఆ అడుగుల చప్పుడుకే నిద్ర లేస్తోంది.

ఆమె మంచం అంచుకు జరిగింది. రాత్రంతా ముడిచి పడుకోవడంతో ఎడమ మోకాలు బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులూ పరుపు మీద ఆనించి, పళ్లు బిగించి లేచింది. లేచాక గోడ పట్టుకుని కాసేపు నిలబడింది. ఈ సంగతి ఎవరికీ తెలియదు. తాండూరులో ఉన్న భర్త పాండురంగానికి కూడా తెలియదు.

ఇద్దరి వయసూ యాభై నాలుగే. అదే కస్తూరికి మింగుడు పడనిది. తనకంటే నాలుగు నెలలు పెద్దదైన మనిషి అనంతగిరి గుట్ట మీదికి నడిచి వెళ్లి వస్తుంది. వచ్చి నీళ్ల క్యాను ఎత్తి వంటగదిలో పెడుతుంది. తను మాత్రం కింద పడిన చెంచా తీయడానికి కూడా ఎవరూ చూడకుండా కాలితో దగ్గరికి లాక్కుంటుంది.

ఒకప్పుడు తను ఇలా లేదు. తాండూరు కిరాణా దుకాణానికి కొత్త కోడలిగా వచ్చినప్పుడు పాతిక కిలోల కందిపప్పు బస్తాను నడుముకు ఆనించుకుని ఒక్కతే లోపలికి తెచ్చేది. "మా కోడలు మొగోళ్లకు తీసిపోదు" అని అత్త నలుగురికీ చెప్పుకునేది. తర్వాత పాతికేళ్లు గల్లా ముందు కుర్చీలో గడిచిపోయాయి. ఒంట్లోని బలం ఏ రోజున పోయిందో తెలియదు. అది చెప్పి పోలేదు.

ఏడున్నరకు కూతురు సాహిత్య బ్యాంకుకు తయారవుతూ హడావిడిగా అటూ ఇటూ తిరుగుతోంది. అల్లుడు గిరీష్ అప్పటికే హైదరాబాద్ రైలుకు వెళ్లిపోయాడు. తొమ్మిది నెలల మనవరాలు చిట్టి కస్తూరి ఒళ్లో కూర్చుని ఉగ్గు తింటోంది. రజిని గుమ్మంలోకి వచ్చిందో లేదో, పిల్ల చెంచా తోసేసి రెండు చేతులూ అటు చాపింది.

"ఆగు తల్లీ, చెమట మీదున్న" అంటూనే రజిని వంగి, పిల్లను ఒంటి చేత్తో ఎత్తి భుజాన వేసుకుంది. పిల్ల కిలకిలా నవ్వింది. ఖాళీ అయిన ఒళ్లోకి చూసుకుంటూ కస్తూరి ఉగ్గు గిన్నెను గట్టిగానే కింద పెట్టింది.

"చెమట మీద పిల్లను ఎత్తుకుంటే పడిశం పడ్తది వదినా."

"అవును వదినా, మర్చిపోయిన" అని రజిని వెంటనే పిల్లను తిరిగి ఇవ్వబోయింది. పిల్ల ఆమె మెడను వదలలేదు. బలవంతంగా విడిపిస్తే గుక్కపట్టి ఏడ్చింది.

సాహిత్య బ్యాగు సర్దుకుంటూ చెప్పింది. "అమ్మా, ఇయ్యాల చిట్టికి టీకా ఏయించాలె. అత్తమ్మకు కోట్‌పల్లిల పొలం పనున్నది, పదకొండు వరకు వస్తది. వచ్చినంకనే ఇద్దరు కలిసి పోండ్రి. నువ్వొక్కదానివే పిల్లను ఎత్తుకొని మెట్లు దిగకు."

"ఎందుకు? నాకేమైంది?"

"ఏం కాలే. నీకు ఆయాసం వస్తది గదా, అందుకే చెప్తున్న."

"నిన్ను సంకల ఏస్కొనే దుకాణం నడిపిన బిడ్డా."

"అది ఎప్పటి ముచ్చటమ్మా! ఇప్పుడు నీకు యాభై నాలుగు."

"మరి మీ అత్తమ్మకెంత? పద్దెనిమిదా?"

సాహిత్య నవ్వేసింది. "అత్తమ్మ వేరే అమ్మా" అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

అత్తమ్మ వేరే. ఆ మాట కస్తూరి గుండెలో ముల్లులా దిగింది. రజిని కోట్‌పల్లి బస్సుకు వెళ్లాక భర్తకు ఫోను చేసింది. "బూట్లేస్కొని తిరుగుతది, గుంజీలు తీస్తది. ఈ వయసుల ఏం సోకులు చెప్పు?" అంది. పాండురంగం అవతల నుంచి, "మంచిదే గదనే. నువ్వు గూడ ఆమె ఎంబడి జర నడువరాదు" అన్నాడు. కస్తూరి ఫోను పెట్టేసింది. కట్టుకున్నవాడు కూడా అటువైపే!

పది గంటలకు పిల్లకు కొత్త గౌను తొడిగింది. టీకా వేసే చోటు వీధి చివరే. పదకొండుకు రజిని వచ్చేసరికి తను పిల్లకు టీకా వేయించుకొచ్చి, నిద్రపుచ్చి, "అయిపోయింది వదినా" అని తేలిగ్గా చెప్పాలి. సాయంత్రం సాహిత్యకు కూడా అంతే తేలిగ్గా చెప్పాలి. ఆ ముచ్చటను తలచుకుంటేనే ప్రాణం లేచొచ్చినట్టయింది. తలుపు దగ్గరికేసి మెట్లు దిగడం మొదలుపెట్టింది.

మొదటి వరస బాగానే దిగింది. మలుపు దాటి రెండో మెట్టు మీద అడుగేసిందో లేదో, కిటికీలో పావురాన్ని చూసి పిల్ల ఒక్కసారిగా పక్కకు వంగింది. ఆ బరువుకు ఎడమ మోకాలు లోపల్నుంచి ఎవరో లాగేసినట్టు వంగిపోయింది. కస్తూరి పిల్లను రొమ్ముకు అదుముకుని మెట్టు మీద చతికిలబడింది. మోచెయ్యి గోడకు గీసుకుపోయింది. పిల్లకు ఏమీ కాలేదు. కానీ బెదిరి ఏడుపు అందుకుంది.

లేవాలని చూసింది. లేవాలంటే రెండు చేతులూ కావాలి. చేతుల నిండా పిల్ల ఉంది. పిల్లను మెట్టు మీద కూర్చోబెడితే పాకుతూ కిందికి పడిపోతుంది. ఒంటి చేత్తో గోడ పట్టుకుని మూడుసార్లు ప్రయత్నించింది. మూడుసార్లూ మోకాలు పట్టేసి కూలబడింది. ఫోను పైనే మర్చిపోయింది. కింది వాటాలో ఉండే మార్త టీచరు ఇంటికి తాళం వేసి ఉంది. "ఎవరన్న ఉన్నరా?" అని పిలిచిన గొంతు మెట్ల గదిలో తిరిగి తిరిగి తనకే వినపడింది. పిల్ల ఏడ్చి ఏడ్చి భుజం మీద సోలిపోయింది. కస్తూరి కూడా చప్పుడు లేకుండా ఏడ్చింది.

ముప్పావు గంటకు కింద అడుగుల చప్పుడు వినిపించింది. రజిని.

"వదినా!"

ఆమె పిల్లను తీసుకుని గబగబా పైకెళ్లి ఊయలలో వేసి వచ్చింది. కస్తూరి ముందు కూర్చుని, "నా మెడ సుట్టు చెయ్యి ఎయ్యండ్రి. బరువంత కుడికాలు మీద పెట్టండ్రి" అని నడుము చుట్టూ చెయ్యి వేసి లేపింది. ఆ చెయ్యి ఎంత గట్టిగా ఉందో కస్తూరికి తెలిసింది. తనను కాపాడుతున్న చేతిని కూడా ఆమె అసూయతోనే పట్టుకుంది.

మధ్యాహ్నం రజిని ఒక్కతే పిల్లను తీసుకెళ్లి టీకా వేయించుకొచ్చింది. కస్తూరి మోచేతికి మందు రాస్తూ, "సాహిత్యకు నేనేం చెప్పను వదినా. ఫికర్ చెయ్యకండ్రి" అంది.

కానీ సాయంత్రం సాహిత్య బ్యాగు దించుతూనే తల్లి మోచెయ్యి చూసింది. గీసుకుపోయిన గాయం చూసింది, కుంటడం చూసింది.

"పడ్డవా? మెట్ల మీదనా? పిల్లను ఎత్తుకొని దిగినవా?"

కస్తూరి నోరు విప్పేలోపే రజిని అందుకుంది. "నేనే దిగుమన్న సాహిత్యా. నేను ఆలస్యమైతనని ఫోను చేసి చెప్పిన. తప్పు నాదే."

అంతే. పొద్దున్నుంచీ లోపల కుతకుతలాడుతున్నదంతా పొంగిపోయింది.

"నాకోసం నువ్వేం అబద్ధాలు ఆడనక్కర్లే!" కస్తూరి అరిచింది. నెల రోజులుగా అంటున్న 'మీరు' ఎక్కడికో పోయింది. "నా మీద జాలి పడుతున్నవా? నా బిడ్డ నీ ఇంటికొచ్చి నీ బిడ్డయింది. మనవరాలు నన్ను చూస్తే మొకం తిప్పుకుంటది. ఆఖరికి నేను పడ్డ పాటు గూడ నీ ఖాతాలనే ఏస్కుంటవా? జర నాకేమన్న మిగుల్చు!"

సాహిత్య బిత్తరపోయింది. తర్వాత ఆమెకూ కోపం వచ్చింది. "ఏం మాటలమ్మా అవి? చిట్టి తలకాయ మెట్టుకు తగిలుంటే ఏమయ్యేది? నీ పట్టింపు కోసం పిల్ల పానం మీదికి తెస్తవా? నీతోని కాదని ఒప్పుకుంటే ఏం పోతది?"

నీతోని కాదు. కన్న కూతురి నోటి వెంట వచ్చిందా మాట. కస్తూరి గదిలోకి వెళ్లి బ్యాగులో చీరలు పెట్టుకుంది.

తెల్లవారి తాండూరు రైలుకు బయలుదేరుతుంటే సాహిత్య ఎదురుపడలేదు. తలుపు వెనక ముక్కు చీదుకుంటున్న చప్పుడు మాత్రం వినపడింది. రజిని బ్యాగు అందుకుంది. "స్టేషను దాక వస్త" అంది. వద్దంటే వినలేదు.

ప్లాట్‌ఫారం మీద బెంచీలో ఇద్దరూ చెరో కొసన కూర్చున్నారు. రజిని పట్టాల వైపు చూస్తూ మాట్లాడింది.

"గిరీష్ వాళ్ల నాయన బాత్‌రూంల పడి కాలం చేసిండని నీకు ఎరుకే గద వదినా. ఎట్ల పోయిండో నీకు ఎరుక లేదు. ఎవ్వరికి చెప్పలే."

కస్తూరి తల తిప్పింది.

"పడ్డప్పుడు మంచిగనే మాట్లాడిండు. నన్ను లేపు రజినీ అన్నడు. నేను అప్పుడు ఎనభై రెండు కిలోలున్న. నడుము నొప్పి, వంగితే లేవొచ్చేది కాదు. రెండు చేతులేసి గుంజిన. లేవలే. ఇంకోపారి గుంజిన, నేనే కింద పడ్డ. ఫోను హాల్ల ఉన్నది. తెచ్చుకుందామంటే ఆయన నా చెయ్యి ఇడుస్తలేడు. పోకు, పోకు అంటున్నడు. అరిచిన. ఎవ్వరికి వినపళ్లే. తలకాయ ఒళ్లె పెట్టుకొని గంటసేపు కూసున్న. గిరీష్ వచ్చేసరికి నా చెయ్యి ఇడిసిండు." ఆమె తన అరచేతిని చూసుకుంది. "జర ముందు తెస్తే, అని డాక్టర్ సగంల ఆపిండు. మిగిలింది నేనే చెప్పుకుంటున్న, నాలుగేండ్ల సంది. పొద్దుగాల లేచి నడుస్తున్ననంటే సోకు కాదు వదినా. పండుకుంటే ఆ గంట యాదికొస్తది."

కస్తూరి బెంచీ మీద ఆమె వైపు జరిగింది.

"నిన్న మెట్ల మీద నిన్ను చూసినప్పుడు నువ్వు కనపళ్లే. నేనే కనపడ్డ. అందుకే సాహిత్యకు అబద్ధం చెప్పిన. జాలితోని కాదు." రజిని కొంగు కోసం వెతుక్కున్నట్టు చున్నీ అంచు తీసుకుని కళ్లు ఒత్తుకుంది. "ఇంకొకటి గూడ చెప్త. నిన్ను చూసి నాకు కడుపుమంట లేదనుకున్నవా? మొన్న ఎండాకాలం సాహిత్యకు జరమొచ్చింది. రెండు దినాలు పక్కనుండి తడిగుడ్డ మార్చింది నేను. ఆ పిల్ల ఒళ్లెరగని నిద్రల అమ్మా అని పిలిచింది నిన్ను. ఆ దినం నీ మీద ఎంత కుళ్లుకున్ననో నాకే తెల్సు."

కస్తూరి ఆమెను అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. గట్టి భుజాలు, నిటారు వీపు. వాటి వెనక, బాత్‌రూం నేల మీద మొగుడి తలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఒక బరువైన, నిస్సహాయపు ఆడమనిషి. నెల రోజులుగా తను అసూయపడిన బలం ఈ మనిషి ఇంత పోగొట్టుకుని తెచ్చుకున్నదా?

రైలు వచ్చింది. ఆగింది. రజిని బ్యాగు అందుకుని లేచింది. కస్తూరి లేవలేదు.

"వదినా, బండి."

"పోనియ్యి" అంది కస్తూరి. ఆ వెంటనే ఏడుపు ముంచుకొచ్చింది. "నాతోని లేవొస్తలేదు వదినా. నిజంగనే లేవొస్తలేదు. రెండేండ్లాయె. ఎవ్వరికి చెప్పలే. చెప్తే ముసల్దాన్నైపోతననుకున్న."

రజిని బ్యాగు కింద పడేసి ఆమె పక్కన కూర్చుంది. రైలు కదిలిపోయేదాకా ఇద్దరూ చేతులు పట్టుకుని అలాగే ఉండిపోయారు.

ఇంటికి తిరిగొచ్చేసరికి సాహిత్య గుమ్మంలోనే ఉంది, ఉబ్బిన కళ్లతో. "అమ్మా, నేను అట్ల అనొద్దుండె" అంటూ ఏడ్చేసింది. కస్తూరి కూతురి తల నిమిరింది. "నువ్వన్నది నిజమే బిడ్డా. పిల్ల పానం మీదికి తెచ్చిన. ఒప్పుకునుడు నాకు చాతగాలె. డాక్టర్ తానికి తీస్కపో నన్ను."

మోకాలి ఎముక కొంత అరిగిందని, కాపాడుకోవచ్చని డాక్టరు చెప్పాడు. బరువు తగ్గాలన్నాడు, తొడల కండలకు బలం తెచ్చుకోవాలన్నాడు. రజిని కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం నేర్పింది. మొదటి వారం కస్తూరి రెండుసార్లు లేస్తే గొప్ప. కొన్నిరోజులు విసుక్కుంది, కొన్నిరోజులు రజినిని తిట్టింది. రెండు నెలలకు పది వచ్చాయి. పాండురంగానికి ఫోను చేసి పది అని చెప్పింది. ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, "నేను గూడ చేస్త తియ్యి" అన్నాడు.

చిట్టికి పదమూడు నెలలు నిండిన ఒక ఆదివారం, పిల్ల ఎత్తుకోనివ్వకుండా మెట్లు తానే దిగుతానని మారాం చేసింది. కస్తూరి ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేతి వేలు పిల్లకిచ్చింది. రజిని రెండు మెట్ల కిందుగా, ఇద్దరికీ ఎదురుగా వెనక్కి వెనక్కి దిగుతోంది. పిల్ల ఒక మెట్టు దిగి ఆగుతుంది. అమ్మమ్మా ఒక మెట్టు దిగి ఆగుతుంది. ఇద్దరినీ ఎవరూ తొందరపెట్టలేదు.

చివరి మెట్టు దిగగానే పిల్ల వేలు వదిలేసి రజిని వైపు తూలుతూ పరుగెత్తింది. కస్తూరికి గుండెలో చటుక్కున గుచ్చుకుంది, ఎప్పటిలాగే. ఆమె అక్కడే నిలబడి ఊపిరి తీసుకుంది.

"వదినా, ఇయ్యాల గూడ నీ తానికే ఉరికింది. నాకు మండుతున్నది" అంది పైకే.

రజిని పిల్లను ఎత్తుకుని పకపకా నవ్వింది. కస్తూరికి కూడా నవ్వు ఆగలేదు. నవ్వుతూనే ఆమె తన కాళ్ల మీద తాను నడిచి, వాళ్లిద్దరి దగ్గరికి వెళ్లింది.