ఆర్డిత్ పిలుపుకు బదులు

నా నోరంటే మా లోయలో పాస్టరు దగ్గర్నుంచి బొగ్గుగని మేస్త్రీ దాకా అందరికీ హడలే. ఆ నోటితోనే శనివారం మధ్యాహ్నాలు రేడియోలో పాడేదాన్ని, మా ఆయన డోయల్‌తో కలిసి. ఇద్దరికీ ఒకటే మైకు. ముక్కులు తగిలేంత దగ్గరగా, ఎదురెదురుగా నిలబడేవాళ్లం.

ఆ శనివారం స్టేషన్ నడిపే హోబర్ట్ మా పాటని టేపు మీద పట్టి నాష్‌విల్‌లో రికార్డుల కంపెనీకి పంపుతానన్నాడు. అక్కడివాళ్లకి నచ్చితే డోయల్ గని మానేయొచ్చు. అతని దగ్గు వింటే రొమ్ములో బొగ్గు దొర్లినట్టుండేది. నాకు కావలసింది అదొక్కటే, ఆ దగ్గు ఆగడం.

పాడబోయేది కాస్, ఆర్డిత్‌ల పాట. మూడు కౌంటీల్లో బ్యాంకులు దోచిన జంట. మా ఏటి రేవులోనే పోలీసులు కాల్చేశారు. చివరి చరణంలో ఆర్డిత్ మోచేతుల దాకా బురదతో అవతలి ఒడ్డుకి పాకి, వెనక్కి తిరిగి పిలుస్తుంది: "వస్తున్నావా, నావాడా?" కాస్ అప్పటికే నీళ్లలో శవం. అందుకని అక్కడ మగమనిషి మైకు వదిలి వెనక్కి జరగాలి. గిటారూ ఆగాలి. అంతే పాట.

ఆ పాట నేర్పిన జెల్ఫా మామ్మ గట్టిగా చెప్పింది: "పిలిచి ఊరుకోవాలే పిల్లా. ఎవడూ పలక్కూడదు."

"అలా గాల్లో వదిలేస్తే నాష్‌విల్ వాళ్లకేం ఎక్కుతుందే? నేను బదులిస్తా," అన్నాడు డోయల్, స్టేషన్ మెట్ల మీద.

"మామ్మ వింటే బూటు తీసేది."

"మామ్మ పోయి ఆరేళ్లయింది. అన్ని పుస్తకాలు చదివావు, నీకూ భయమేనా?"

పుస్తకాల మాటెత్తితే నాకు ఒళ్లు మండుతుంది. సరే, పాడి ఏడు, అన్నాను. ఆ 'సరే' నాదే.

మైకు ముందు పాట చివరి చరణానికొచ్చింది. పిలిచాను. డోయల్ వెనక్కి జరగలేదు. కళ్లు మూసుకుని, "వస్తున్నా" అని పాడాడు.

కిటికీలు లేని ఆ గదిలో ఏటి బురద వాసన వేసింది.

హోబర్ట్ టేపు మిషను గదిలోంచి బయటికొచ్చాడు. "రెండుసార్లు పిలిచావేం, వర్లీన్?"

"ఒక్కసారేనయ్యా. చెవుల్లో గుబిలి తీయించుకో."

టేపు వెనక్కి తిప్పి వినిపించాడు. నా పిలుపు. డోయల్ బదులు. ఆ తర్వాత... మళ్లీ పిలుపు. నా గొంతే. కానీ దూరంగా... నీళ్ల మీదుగా.

"ప్రతిధ్వనిలే," అని డోయల్ పడీపడీ నవ్వాడు. నవ్వితే దగ్గు రావాలి. రాలేదు. ఇల్లు చేరేదాకా ఒక్కసారీ దగ్గలేదు. దేవుడు విన్నాడనుకున్నాను.

పొద్దు వాలుతోంది. పొయ్యి మీద చిక్కుడుగింజలు ఉడుకుతున్నాయి. నేను మొక్కజొన్న పిండి కలుపుతున్నాను. డోయల్ వరండాలో బూట్లు విప్పుకుంటున్నాడు. ఉన్నట్టుండి కప్పల బెకబెకలు ఆగిపోయాయి.

ఏటివైపు నుంచి...

"వస్తున్నావా, నావాడా?"

నా గొంతు.

డోయల్ విప్పిన బూటు మళ్లీ తొడుక్కున్నాడు. "వస్తున్నా, వర్లీన్."

అది నేను కాదు! ఇక్కడున్నా! అని అరవబోయాను. నోరు తెరుచుకుంది. చప్పుడు రాలేదు. గాలి కూడా రాలేదు.

పిండి చేతులతోనే పరిగెత్తి చొక్కా పట్టుకున్నాను. తిరిగి చూశాడు... ముక్కూమొహం తెలియని మనిషిని చూసినట్టు. నా వేళ్లు ఒక్కొక్కటే మర్యాదగా విడదీశాడు.

"ఏమీ అనుకోకండమ్మా. మా ఆవిడ పిలుస్తోంది."

మెట్లు దిగి వెళ్లిపోయాడు. నా చేతులవైపు చూసుకున్నాను.

పిండి లేదు. మోచేతుల దాకా ఏటి బురద.