తీ... తీ...

అన్యాయమైపోయినవాడు పెరియసామి. 2002 నవంబరులో, ఒక వాన రాత్రి. ఆ అన్యాయం ఎవరు చేశారో తేలడానికి ఏడాదిన్నర పట్టింది. అంతదాకా ఊరంతా కలిసి నేరాన్ని ఒక చచ్చిన పిల్ల నెత్తిన పెట్టింది. చచ్చినవాళ్లు ఎదురు చెప్పరు కదా... సుఖం.

ఆ పిల్ల పేరు మూక్కమ్మాళ్. కోవిల్‌పట్టి దాటి కళుగుమలై రోడ్డులో, వంక పక్కన రేకుల షెడ్డు ఒకటి ఉండేది. ఒకప్పుడు అగ్గిపెట్టెల కంపెనీ. ఒక మధ్యాహ్నం మందు అంటుకుంది. అందరూ బయటపడ్డారు. వెనక గదిలో ఉన్న మూక్కమ్మాళ్ పడలేదు. ఆ గదికి గడియ బయట.

అప్పట్నించీ చీకటి పడితే షెడ్డులోంచి గొంతు వినిపిస్తుందన్నారు — "తీ... తీ..."

అరవంలో తీ అంటే నిప్పు. కాలిపోయిన పిల్ల ఇంకా నిప్పు, నిప్పు అని కేకలు పెడుతోందని, లారీలవాళ్లు సైతం అక్కడ హారన్ కొట్టకుండా పోయేవాళ్లు.

దెయ్యం ఉందని షెడ్డు సగం బాడిగకే ఇస్తామన్నారు. మెకానిక్ పెరియసామికి అంతకన్నా ఏం కావాలి? కోళ్లు గుడ్లు పెడుతున్న ఒక పాత మోరిస్ కారును ఎక్కణ్నించో లాక్కొచ్చి అందులో పెట్టాడు. ఆరేళ్లు దాంతోనే కాపురం. అగ్గిపెట్టెలకి కాగితాలు అంటించి వాణ్ని పెంచిన అక్క వేలమ్మాళ్ చెవికమ్మలు కూడా ఆ ఇంజన్లోకే పోయాయి.

"పెండ్లాం వద్దా నీకు? ఈ ముసలిదాన్నే కట్టుకుంటివా?" అనేది వేలమ్మాళ్.

"ఇది ఎదురు మాట్లాడదు గదక్కా." నవ్వేవాడు. "లోపలి పిడులు పీకి మెరుగుకని మదురైకి పంపినా. అవి వస్తే సరి. నిన్ను ముందర కూచోబెట్టుకోని కళుగుమలై పోతా."

ఆ రాత్రి వాడు ఇంటికి రాలేదు.

పక్కింటి మాయక్కాళ్‌ని తోడు తీసుకుని, ఒకే గొడుగు కింద, వేలమ్మాళ్ వెతుక్కుంటూ పోయింది. వంక మీది మోరీ దగ్గరికి వచ్చారు. షెడ్డు ఇంకా నాలుగు బారల దూరం. దీపం లేదు. వాన చప్పుడు...

"తీ..."

ఇద్దరూ ఆగిపోయారు.

"తీ... తీ..."

మాయక్కాళ్ వేలమ్మాళ్ చేయి పట్టుకుంది. ఆమె అరవ మనిషి, అరవంలోనే గుసగుసలాడింది. "మూక్కమ్మా లేచింది. నిప్పంటోంది, విన్నావా?"

"గొంతు బొంగురుగా ఉందే..." వేలమ్మాళ్ కూడా అరవంలోనే అంది.

"కాలిన గొంతు మరి ఎట్లుంటుంది? నీ తమ్ముడు ఏ టీకొట్టులోనో ఉంటాడు. పద."

వెనక్కి వచ్చేశారు. ఆ రాత్రి సినిమా చూసి అటుగా వచ్చిన మగవాళ్లూ విన్నారు. వాళ్లు ఇంకా వేగంగా పరిగెత్తారు. తెల్లారి ఆ పరుగునే పెద్ద వీరత్వంలా చెప్పుకున్నారు.

పొద్దున పెరియసామి కారులో, స్టీరింగు ముందర, తల వాల్చి ఉన్నాడు. మాయక్కాళ్ బయటి పిడి పట్టి లాగితే తలుపు పువ్వులా విచ్చుకుంది. గుండె ఆగిందన్నాడు డాక్టరు. మూక్కమ్మాళ్ తీసుకుపోయిందంది ఊరు. వేళ్ల కొనలు చీరుకుపోయి ఉంటే, అది కూడా దెయ్యం కొరుకుడే అన్నారు.

ఏడాదిన్నరకి షెడ్డు ఓనరు గడువు పెట్టాడు. రేపటికి ఖాళీ కాకపోతే కారును పాత ఇనుముకి వేసేస్తాడు. కారు కొందామని వచ్చినవాళ్లంతా టీకొట్టులో కథ విని అట్నించి అటే పోతున్నారు. తమ్ముడి బండి ముక్కలు కాకుండా రోడ్డెక్కితే చాలు — వేలమ్మాళ్‌కి ఇంకేమీ వద్దు.

ఆఖరి సాయంత్రం విరుదునగర్ నుంచి శివరామన్ అనే ఆయన వచ్చాడు. బేరమంతా అరవంలోనే నడిచింది. నలభై వేలకి కుదిరింది.

"లోపల కూచుని ఒకసారి చూస్తా," అన్నాడు.

ఎక్కి, తలుపు లాక్కున్నాడు. టిక్కుమంది.

వేలమ్మాళ్ షెడ్డు గుమ్మంలో నిలబడింది. పొద్దు వాలింది. లోపల టార్చిలైటు ఇటూ అటూ ఊగింది... కింద పడింది... ఆరిపోయింది.

అప్పుడు —

"తీ..."

ఆమె గుమ్మం వదిలి వెనక్కి జరిగింది.

"తీ... తీ..."

కాళ్లు వాటంతటవే మోరీ వైపు పరిగెత్తాయి. వెనక అద్దం మీద దబదబ గుద్దులు. గొంతు చీలిపోతోంది.

"అక్కా... తలుపు తీ..."

తలుపు.

అది అరవం కాదు.

వేలమ్మాళ్ నిలబడిపోయింది. గడప లోపల తెలుగు, గడప దాటితే అరవం — పుట్టినప్పట్నించీ నాలుకకి అదే అలవాటు. ఆ వాన రాత్రి చెవి కూడా గడప దాటింది. తమ్ముడి గొంతును అరవంలో వింది.

వెనక్కి పరిగెత్తి పిడి లాగింది. తలుపు పువ్వులా విచ్చుకుంది.

శివరామన్ చెమటతో బయటపడి, సిగ్గుపడి నవ్వాడు. "మా ఇంట్లో కూడా తెలుగేనక్కా... భయానికి అదే వచ్చేసింది. లోపల తెరిచే పిడీ లేదు, అద్దం దించే పిడీ లేదు. తీ తీ అని మొత్తుకుంటుంటే పరిగెత్తితివే?"

ఆమె తలుపు లోపలి వైపు తడిమింది. పిడి ఉండాల్సిన చోట ఒక ఇనుప మొలక. దాని చుట్టూ రేకు మీద గోటి గీతలు.

తర్వాత ఆమె చూపు షెడ్డు వెనక గది మీదికి పోయింది. బయటి వైపు గడియ మీదికి.

మూక్కమ్మాళ్ ఇంట్లో ఏం మాట్లాడేవాళ్లు?

ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామన్నా ఆ ఇంటివాళ్లు ఎవరూ మిగల్లేదు.

"అక్కా," అన్నాడు శివరామన్, రసీదు రాస్తూ. "పిడులు నేనే కొత్తగా చేయించుకోవాల గదా. దానికి కొంచెం తగ్గించుకుందామా?"

రేపు పొద్దున్నే పాత ఇనుమువాడు వస్తాడు. ఆమె తల ఊపింది.

రసీదులో ఇలా ఉంది: మోరిస్ కారు ఒకటి, నలభై వేలు. లోపలి పిడులు లేనందుకు తగ్గింపు, ఆరు వందల రూపాయలు.