యాభై అయిదేళ్ళ పన్ను

ఆ పాత భవనంలో కింది అంతస్తు చివరి గదికి మంచి పేరు లేదు. అందరూ దాన్ని పళ్ళగది అంటారు. ఎవరివో తెలియని శవాల పళ్ళు అక్కడ అట్టపెట్టెల్లో ఉంటాయి. పన్ను చూసి, చనిపోయేనాటికి ఆ మనిషికి ఎన్నేళ్ళో చెప్పడం అక్కడి డాక్టర్ల పని.

చీకటి పడ్డాక ఆ తలుపు ముందు నుంచి వెళ్తే లోపల టిక్... టిక్... అని వినిపిస్తుందని చెప్పుకునేవాళ్ళు. గాజు పలక మీద పన్ను పెట్టిన చప్పుడు. ఊడ్చే ఆవిడ సాయంత్రం అయిదు దాటితే చీపురు కూడా అటువైపు తిప్పేది కాదు. తొమ్మిదేళ్ళుగా ఇదే పాట.

ఆ భవనానికి రాత్రి కాపలా మా మావయ్య. ఈ కథ ఆయన చెప్పగా విన్నదే. మావయ్య కోతలరాయుడు, అందులో అనుమానం లేదు. పిల్లి కనిపిస్తే పులి అని చెప్పే రకం. కానీ ఈ ఒక్క కథ మాత్రం ఎన్నిసార్లు చెప్పినా ఒక్క మాట పెరగలేదు. అందుకే నమ్మాను.

ముందు మా పిన్ని సంగతి చెప్పాలి. అమ్మకీ మావయ్యకీ ఆఖరి చెల్లెలు. బట్టలు కుట్టేది. చేతిలో కత్తెర ఉన్నా సరే, దారం పళ్ళతోనే కొరికేది. పదిహేనేళ్ళప్పటి నుంచే చిగుళ్ళ జబ్బు — చిగుళ్ళు జారిపోయి పళ్ళు పొడుగ్గా కనిపించేవి. అందుకని పెదాలు విప్పకుండా నవ్వేది. మావయ్య ఊరుకుంటాడా? "ఏమే ముసలమ్మా, నీ నోటికి అరవై ఏళ్ళే!" అని ఏడిపించేవాడు. ఆవిడ దారపు ఉండ తీసి ఆయన నెత్తిన విసిరేది.

ఇరవై తొమ్మిదో ఏట, కుట్టిన బట్టలు ఇచ్చి వస్తానని వెళ్ళింది. మళ్ళీ రాలేదు.

రెండేళ్ళ తర్వాత ఒక పాడుబడ్డ బావిలో ఆడమనిషి ఎముకలు దొరికాయి. మావయ్య పడుతూ లేస్తూ పరుగెత్తాడు. అప్పటికే పంటి రిపోర్టు వచ్చేసింది — వయసు యాభై అయిదు పైమాటే అని. "మనది కాదక్కా!" అంటూ ఇంటికొచ్చి అమ్మ చేతులు పట్టుకుని సంతోషంతో ఏడ్చాడు. ఆ పళ్ళు ఒకసారి చూపించమని అడగనైనా లేదు.

ఆ రాత్రి నుంచి అమ్మ వీధి తలుపుకి గడియ పెట్టడం మానేసింది. బతికే ఉంది కాబట్టి ఏ వేళలోనైనా వస్తుందని. మావయ్యేమో ఉన్న ఉద్యోగం వదిలి ఆ భవనంలో కాపలాకి చేరాడు. మళ్ళీ ఏ ఎముకలొచ్చినా ముందు తనకే తెలియాలని.

ఇలా తొమ్మిదేళ్ళు గడిచాయి.

ఒక రాత్రి తొమ్మిది దాటాక గస్తీ తిరుగుతుంటే పళ్ళగది తలుపు కింద సన్నటి వెలుగు... అడుగు ముందుకు వేశాడో లేదో, ఆరిపోయింది. పిడి తిప్పాడు. తాళం వేసే ఉంది.

మావయ్యకి దెయ్యం కంటే ముందు దొంగ గుర్తొచ్చాడు. కొన్ని పళ్ళకి బంగారు తొడుగులుంటాయి కదా! మర్నాడు గుమాస్తాని ఓరగా చూస్తే, ఏమీ అడక్కముందే, "నా దగ్గర తాళంచెవి లేదు బాబోయ్!" అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు. మావయ్య అనుమానం ఇంకాస్త ముదిరింది.

ఆ రాత్రి గుమ్మం ముందు పౌడరు చల్లి పెట్టాడు. తెల్లారి చూస్తే పాదముద్రలు. చెప్పులు లేని పాదాలు... ఆడవాళ్ళవి.

ఊడ్చే ఆవిణ్ణి పిలిచి చూపించాడు. ఆవిడ తన కాలు పక్కన పెట్టి, "నా కాలెక్కడ, ఇదెక్కడ! దీని పక్కన నాది పడవలా ఉంది," అంది. నిజమే. ముద్రలు చిన్నవి. పిన్ని పాదాలూ అంతే ఉండేవి. అప్పుడు మొదటిసారి భయమేసిందని మావయ్య చెప్పాడు.

మూడో రాత్రి వరండాలో విరిగిన కుర్చీల వెనక నక్కి కూర్చున్నాడు. టార్చి ఆర్పేశాడు. ఎనిమిదైంది... తొమ్మిదైంది... ఊపిరి తీస్తే తనకే వినిపిస్తోంది.

టిక్.

మావయ్య లేచి నిలబడ్డాడు. తలుపు కింద వెలుగు.

టిక్... టిక్...

పిడి మీద చెయ్యి వేశాడు. ఈసారి తిరిగింది. లోపల, కింద నుంచి దీపం వెలిగే గాజుబల్ల ముందు, ఒక ఆడమనిషి అటు తిరిగి కూర్చుని ఉంది. రెండు వేళ్ళ మధ్య ఒక పన్ను. దాన్ని వెలుగుకి అడ్డంగా పెట్టి చూస్తోంది.

"ఎ... ఎవరది?"

ఆవిడ ఉలిక్కిపడి ఇటు తిరిగింది. "అరవకండి... నేనే."

డాక్టరమ్మ! రిపోర్టులు రాసే డాక్టరమ్మే. చప్పుడు కాకూడదని విప్పిన చెప్పులు కుర్చీ పక్కనే ఉన్నాయి. తాళంచెవి బల్ల మీద ఉంది; సాయంత్రమే లోపలికి చేరింది, ఈసారి తాళం వేసుకోవడం మరిచిపోయింది. మావయ్యకి పోయిన ప్రాణం లేచొచ్చింది. దాంతో పాటు కోపమూ వచ్చింది.

"ఇదేం పనమ్మా, దొంగలా? పగలు లేదా?"

"పగలైతే పాత పెట్టెలు ఎందుకు తీశావని అడుగుతారు. ముందు నాకు తెలియాలి కదా... ఎన్ని తప్పులు రాశానో."

బల్ల మీది అట్టపెట్టె చూశాడు మావయ్య. దాని మీద చీటీ ఉంది. బావిలో దొరికిన ఎముకలు.

"ఇదా? ఈవిడ యాభై అయిదు దాటినావిడ కదా," అన్నాడు గబగబా.

ఆవిడ పన్నుని మళ్ళీ దీపం మీద పెట్టింది. "ఇలా రండి. వయసు పెరిగేకొద్దీ పంటి వేరు కొస నుంచి గాజులా మారుతుంది, వెలుగు అందులోంచి కనిపిస్తుంది. ఇందులో చూడండి... కొస దగ్గర ఆవగింజంత కూడా లేదు. ముప్ఫై నిండని మనిషిది."

"మరి యాభై అయిదని..."

"చిగురు ఎక్కడిదాకా జారిందో వేరు మీద గీత పడుతుంది. అప్పుడు నేను కొత్తదాన్ని, ఎక్కువగా ఆ గీతనే నమ్మాను. జబ్బుని వయసనుకున్నాను." గొంతు ఇంకా తగ్గించింది. "పోయిన నెల నా పళ్ళ డాక్టరు నా నోరు చూసి, మీవి అరవై ఏళ్ళ చిగుళ్ళండీ అన్నాడు. నాకింకా నలభై రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది ఈ పెట్టె."

అరవై ఏళ్ళ చిగుళ్ళు.

మావయ్య చెయ్యి చాచాడు. ఆవిడ పన్నుని ఆయన అరచేతిలో పెట్టింది. ముందు పన్ను. కొరికే అంచు మధ్యలో చిన్న నొక్కు... ఏళ్ళ తరబడి దారం ఒరుసుకుని పడ్డ నొక్కు.

"ముసలమ్మా..." అన్నాడు.

డాక్టరమ్మ అర్థంకానట్టు చూసింది. "మీకు తెలిసినావిడా?"

"నా చెల్లెలు. ముసలిదని ఏడిపించిందీ నేనే... ముసలిదని చెబితే కాదనుకుని వెళ్ళిపోయిందీ నేనే."

పన్నుని జాగ్రత్తగా పెట్టెలో పెట్టి ఒక్క మాట అడిగాడు. "మీరు ఎన్నాళ్ళుగా వస్తున్నారమ్మా ఇక్కడికి?"

"పదకొండు రాత్రులు."

టిక్ టిక్ చప్పుడు తొమ్మిదేళ్ళ నాటిది.

డాక్టరమ్మ మర్నాడు పగలే, అందరి ముందూ తన తప్పు రాసిచ్చింది. అమ్మ రక్తం తీసుకుని ఆ పంటితో పోల్చి చూశారు. కలిసింది.

ఆ కబురు విన్న రోజు అమ్మ పొద్దుపోయాక లేచి వెళ్ళి, వీధి తలుపుకి గడియ పెట్టింది. అన్నేళ్ళు వాడని గడియ తుప్పు పట్టి కీచుమంది. ఆ చప్పుడుకి నాకు ఏడుపొచ్చింది. ఇక ఎవరూ రారని ఇల్లంతా వినేలా చెప్పినట్టుంది.

దీపం ఆర్పి పడుకున్నాం. అమ్మ, నేను, ఆ రాత్రికి కాపలా మానేసి నడవలో మావయ్య.

కొంతసేపటికి... తలుపు మీద...

టిక్.

గాలి లేదు. వాన లేదు. మావయ్య మంచం మీద లేచి కూర్చోవడం చీకట్లోనే తెలిసింది.

టిక్... టిక్...

అమ్మ దీపం వెయ్యకుండానే లేచింది. తడుముకుంటూ వెళ్ళి గడియ తీసి, తలుపు బార్లా తెరిచింది. బయట ఎవరూ లేరు. అయినా కాసేపు దారి ఇస్తున్నట్టు పక్కకి ఒదిగి నిలబడింది. తర్వాత తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"ఏం లేదు, పడుకోండి," అంది.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఆ చప్పుడు బల్లిదో, చెక్కపురుగుదో అయి ఉంటుంది. కానీ మా ఇంటి వీధి తలుపుకి ఇప్పటికీ గడియ పెట్టం.