ఆ ఊళ్లో అనకూడని మాట

తెల్లవారేసరికే తోంగ్సాయ్ పొయ్యి మీది నీళ్లకుండ పైన వెదురుబుట్టలో జిగట అన్నం పెట్టి, రోట్లో మిరపకాయలు దంచడం మొదలుపెట్టింది. ఆ దంపుడు అవసరానికి మించి గట్టిగా ఉంది. ఆ రోకటి పోట్లు ఎవరికోసమో కోడలికి తెలుసు, పక్కింటి పెంగ్సీకీ తెలుసు. క్రిస్మస్ రేపనగా ఊరంతా నవ్వులూ కేకలూ. ఈ ఇంట్లో రోకలి ఒక్కటే మాట్లాడుతోంది.

వానాకాలంలో ఒక రాత్రి తోంగ్సాయ్ కొడుకు కామ్‌పన్ నిద్రలోనే పోయాడు. జబ్బూ లేదు, జ్వరమూ లేదు. వలలు సర్ది, కూతురు నోయిని ముద్దాడి పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. చెట్టంత కొడుకును మట్టిలో పెట్టి వచ్చిన తల్లికి, ఎవరి మీదో ఒకరి మీద కోపం లేకపోతే బతకడం సాధ్యం కాలేదు. దేవుడి మీద కోపం తెచ్చుకోవడానికి భయం. అందుకని కోడలు లమ్దువాన్ మీద తెచ్చుకుంది.

లమ్దువాన్ సరస్సుకు అవతలి ఒడ్డు పిల్ల. పెళ్లికి ముందు జ్ఞానస్నానం పొంది ఈ ఊరి చర్చిలో అడుగుపెట్టింది. అవతలి ఒడ్డువాళ్లు ఈ ఊరి పేరెత్తితే ఇప్పటికీ నేల మీద ఉమ్మేస్తారు. తాతల కాలంలో ఎవరైనా ఉన్నట్టుండి చస్తే, దిక్కులేని ఆడదాన్నెవరినో పట్టుకుని, కార్జం తినే దయ్యానివి నువ్వేనంటూ ఇల్లు తగలబెట్టి తరిమేసేవారు. అలా తరిమేసినవాళ్లను ఈ ఒడ్డున ఉన్న ఫాదరూ, ఆయన చర్చీ చేరదీశారు. తోంగ్సాయ్ తల్లి అలా వచ్చినదే. ఊళ్లో సగం ఇళ్లు అలా వెలసినవే. ఇక్కడ బూతులు తిట్టుకుంటారు, తాగి తలలు పగలగొట్టుకుంటారు. ఆ ఒక్క మాట మాత్రం ఎవరూ ఎవరినీ అనరు.

"అత్తమ్మా, ఒక్కసారి బయటికొస్తారా?" గుమ్మంలోంచి పిలిచింది లమ్దువాన్.

"ఏం, ఇల్లు కాలుతోందా?"

"నక్షత్రం కట్టాను. నోయి కాగితం అంటించింది. మీరు చూసి సరేనంటే..."

"మనిషి పోయి ఏడాది తిరగలేదు, అప్పుడే నక్షత్రం కావాల్సొచ్చిందా? నీకొచ్చిందేమో పండగ, నాకు రాలేదు."

"నాయనమ్మా," అంది నోయి, వేళ్లకంటిన జిగురు నాకుతూ. "నక్షత్రం లేకపోతే పైనుంచి నాన్నకి మనిల్లు ఎలా తెలుస్తుంది?"

ఈ ఊళ్లో క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ప్రతి ఇంటి నుంచీ ఒక వెదురు నక్షత్రం దీపంతో బయలుదేరి చర్చికి చేరాలి. ఈ ఇంటి నక్షత్రం ఏటా కామ్‌పన్ కట్టేవాడు. తోంగ్సాయ్ రోకలి పక్కన పెట్టి, పైగుడ్డతో చేతులు తుడుచుకుంటూ లేచింది. మనవరాలి మాటకు మనసు కాస్త మెత్తబడింది కూడా.

గుమ్మానికి నక్షత్రం వేలాడుతోంది. ఒక కొమ్ము పొడుగు, ఒక కొమ్ము పొట్టి. కొమ్ములు కలిసే ప్రతిచోటా తెల్లని నూలుదారం చుట్టి ఉంది. మిగిలిన దారం గుమ్మానికి అటూ ఇటూ ముడివేసి ఉంది.

తోంగ్సాయ్ ముఖం నల్లబడిపోయింది. తెల్లదారం గుమ్మానికి ఎందుకు కడతారో ఆమెకు తల్లి చెప్పింది. అవతలి ఒడ్డున, దయ్యం గడప దాటకుండా కడతారు.

"ఇదెవరి కోసం కట్టావే?"

"అత్తమ్మా..."

"మా అమ్మని దయ్యమని తరిమారు మీ ఒడ్డోళ్లు. ఇప్పుడు నా కొంపలో, నా గుమ్మానికే కడతావా? నన్నంటున్నావా ఆ మాట?"

కేకలకు పెంగ్సీ, ఆమె వెంట చర్చికి పూలు మోసుకెళ్తున్న ఆడవాళ్లూ వాకిట్లో ఆగిపోయారు.

"అయ్యో, కాదత్తమ్మా, ఆ దారం..."

"నోర్ముయ్! దయ్యానివి నువ్వు! నా కొడుకు పక్కలో పడుకుని వాడి కార్జం తినేసింది నువ్వే!"

వాకిట్లో ఒక్కరూ కదల్లేదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. తోంగ్సాయ్‌కి తానేమన్నదో తెలిసింది. కానీ అంతమందిలో వెనక్కి తగ్గడానికి పొగరు అడ్డొచ్చింది.

లమ్దువాన్ ఏడవలేదు. గుమ్మానికున్న ముడి మెల్లగా విప్పింది.

"పెళ్లినాడు మా మణికట్లకి కట్టారే, ఆ దారాలివి. అందరికంటే ముందు మీరే కట్టారు. ఇకనుంచి నువ్వు ఈ ఇంటి మనిషివన్నారు. ఆయనవీ నావీ తలగడ కింద దాచుకున్నాను. ఈసారి ఆయన లేడు కదా, నక్షత్రంలో ఆయన ముడి అయినా ఉండాలనుకున్నాను. మిగిలింది నక్షత్రం ఊగకుండా గుమ్మానికి కట్టాను, అంతే."

నక్షత్రాన్ని ఒక చేత్తో, నోయిని ఒక చేత్తో పట్టుకుని మెట్లు దిగింది.

"మా ఇంటికి రా తల్లీ," అంది పెంగ్సీ. తోంగ్సాయ్ వైపు తిరిగి, "మీ అమ్మ కాలిన బట్టలతో ఈ ఒడ్డుకి చేరినరోజు మా అమ్మ ఏమీ అడగలేదు. ముందు ముద్ద పెట్టింది. మర్చిపోయావేం?" అంది.

అన్నం ఆవిరి చల్లారిపోయింది. తినేవాళ్లు లేరు. మధ్యాహ్నమంతా తోంగ్సాయ్ ఆ రోటి పక్కనే కూర్చుంది. కోడలిదే తప్పని తనకు తాను చెప్పుకోబోయింది. ఆ దారం ముడి వేసిన వేళ్లు తనవే అయ్యేసరికి ఆ అబద్ధం అతకలేదు.

చీకటి పడుతుండగా పాట వినిపించింది. వీధి నిండా నక్షత్రాలు. ప్రతి ఇంటి ముందూ ఆగి పాడుతున్నవాళ్లు, దీపం లేని ఆమె ఇంటి దగ్గర గొంతు తగ్గించి దాటిపోయారు. ఆ వరుసలో, పెంగ్సీ మనవళ్ల మధ్య, ఒక కొమ్ము పొడుగైన నక్షత్రం ఊగుతూ వెళ్లింది. దాన్ని నోయి మోస్తోంది. ఎవరో పెద్దాయన వెనకనుంచి చెయ్యి వేసి ఆసరా ఇచ్చాడు.

ఈ ఒడ్డున అయినవాళ్లంటూ ఎవరూ లేని కోడలికి ఊరంతా అయినవాళ్లయ్యారు. తన ఇంటి ముందు మాత్రం ఎవరూ ఆగలేదు. చచ్చేముందు తల్లి చేయి పట్టుకుని చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది: "నేను పడ్డాను చాలు. ఆ మాట నీ నోట రానీకే తల్లీ." తోంగ్సాయ్ నోటికి పైగుడ్డ అడ్డం పెట్టుకుని, కొడుకు పోయిన రోజుకంటే ఎక్కువగా ఏడ్చింది.

చర్చికి చేరేసరికి పూజ మొదలైంది. ఆడవాళ్ల బల్లలన్నీ నిండిపోయాయి. ఆమెను చూసి ఎవరూ జరగలేదు. బల్లల మధ్య నడిచి నడిచి, లమ్దువాన్ పక్కన నిలబడిపోయింది. లమ్దువాన్ తలెత్తలేదు. నిద్రపోతున్న నోయిని ఒళ్లోకి లాక్కుంది. పక్కన ఒక మనిషికి చోటు వచ్చింది.

తోంగ్సాయ్ కూర్చుంది.

"ఇంటికి రావే," అంది.

లమ్దువాన్ నోయి జుట్టు సవరించింది.

"తిన్నది నేనే. నిన్ను రోజూ కొంచెం కొంచెం తిన్నాను. దయ్యాన్ని నేనే..."

లమ్దువాన్ మొదటిసారి ఆమె వైపు చూసింది. ఆ చూపులో కోపం ఇంకా పోలేదు.

"ఆ మాట అనకండి అత్తమ్మా," అంది. "ఈ ఊళ్లో ఎవరినీ అనకూడదు. మిమ్మల్ని మీరైనా సరే."